ఉమ్మనీటి సంచి ఎవరిది

మా కాలనీలో ఈ కథను అందరూ ఒక్క తీరుగానే చెబుతారు. మధ్యాహ్నం రెండున్నరకు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో సైరన్ మోగింది, బ్లాస్టింగ్‌కు భూమి అదిరింది, వంటింట్లో నిలబడ్డ విజయ మేడంకు ఉమ్మనీటి సంచి టప్పున పగిలింది, ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. 'టప్పున' అనే చోట చిటిక కూడా వేస్తారు.

ఇందులో నిజం ఆడపిల్ల పుట్టడం ఒక్కటే. పుట్టింది ఎనిమిదో నెలలో. ఎనిమిదో నెల బిడ్డ నిలవదని నమ్మే మా అత్తమ్మ లచ్చవ్వ, అడిగినవాళ్ళందరికీ ఏడు అని చెప్పి నెల తగ్గించింది. ఆ బ్లాస్టింగ్ జరిగినప్పుడు నేను వంటింట్లో లేను, కాలేజీలో పాఠం చెబుతున్నాను. సంచి టప్పున పగలనూ లేదు. నాలుగు రోజులు కారింది. నాకు తెలిసే కారింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

గోదావరిఖనిలో ప్రతిదానికీ బ్లాస్టింగే కారణం. గోడ పగిలినా, పాలు విరిగినా, పొదిగేసిన గుడ్లు మురిగినా అదే. గోడల సంగతి నిజమే, మా క్వార్టర్ గోడకు నా చెయ్యి పట్టేంత పగులుంది. కానీ నా కడుపు క్వార్టర్ గోడ కాదు.

ఇరవై తొమ్మిదో వారం

అప్పుడు నాకు నలభై ఒకటి. జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా ఆయన రాజేశం అండర్‌గ్రౌండ్ గనిలో కప్పు కూలకుండా సపోర్టులు వేసే పనిచేస్తాడు. పెద్దబిడ్డ సౌమ్య ఇంటర్. పదహారేళ్ళ తర్వాత నాకు మళ్ళీ కడుపు నిలిచిందని తెలిసిన రోజు పక్క క్వార్టర్ ఆమె గేటు దగ్గరే ఆపింది.

"బిడ్డకు పెండ్లి సంబంధాలు చూసే యాల్లకు నీకు శ్రీమంతమా అక్కా?"

"నీకు కుళ్ళయితే నువ్వూ కను, ఎవరొద్దన్నరు?" అన్నాను. నోటికి తక్కువ లేదు. కానీ ఆ నవ్వు లోపల ఎక్కడో కూర్చుంది. సౌమ్య నెల రోజులు నాతో కలిసి బజారుకు రాలేదు.

ఆ సోమవారం పొద్దున కాలేజీకి బయలుదేరబోతూ చీర మార్చుకోవలసి వచ్చింది. తడి. కొంచెమే. రంగు లేదు, నొప్పి లేదు. ఈ వయసులో కడుపు మోస్తే తుమ్మినా దగ్గినా మూత్రం జారుతుంది, అదే అనుకున్నాను. దాని గురించి మరొకరికి చెప్పి ఇంకో నవ్వు కొనితెచ్చుకునే ఓపిక లేదు. పాత నూలుగుడ్డ మడిచి పెట్టుకుని వెళ్ళాను. మంగళవారం అదే. బుధవారం గుడ్డ రెండుసార్లు మార్చాను.

గురువారం మధ్యాహ్నం సెకండియర్ క్లాసు. చెప్పవలసిన పాఠం గర్భంలో శిశువును చుట్టుకునే పొరలు. పదిహేనేళ్ళుగా చెబుతున్న పాఠం, కళ్ళు మూసుకుని బొమ్మ వేస్తాను. లోపల ఒక గీత, ఉల్బం. దాని బయట ఇంకో గీత, పరాయువు. ఉల్బం లోపల నీరు, నీటిలో శిశువు. "ఆ ద్రవానికి దాదాపు రంగు ఉండదు, ఘాటైన వాసన ఉండదు" అని నోట్సు చెప్పాను.

ముందు బెంచీ అమ్మాయి పెన్ను ఆపింది. "మేడం, రంగు లేకుంటే, వాసన లేకుంటే, అది పోతే ఎట్ల తెలుస్తది?"

"ఆపుకుందామన్నా ఆగదు. మూత్రమైతే ఆపుకోవచ్చు" అని ఠకీమని చెప్పాను.

చెప్పాక చాక్‌పీసు నా చేతిలోనే ఉండిపోయింది. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా నేను ఆపుకోలేకపోయాను.

అప్పుడే సైరన్ మోగింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పిల్లలు అలవాటుగా "హో" అని అరిచారు. కాలనీ కథలోకి ఎక్కిన బ్లాస్టింగ్ అదే.

కంపెనీ దవాఖానలో డాక్టరమ్మ ఒక పసుపు కాగితం ముక్కతో చూసింది. అది నీలమైంది, అంటే ఉమ్మనీరే. "ఎప్పటినుంచి?" అంది. సోమవారం నుంచి అన్నాను. "మీరేం చేస్తుంటారు?" అంది. చెప్పాను. ఆమె ఇంకేమీ అనకుండా కరీంనగర్‌కు రాసింది. ఏమన్నా అంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని.

రాజేశం డ్యూటీ దిగి, స్నానం కూడా చేయకుండా వచ్చాడు. కనురెప్పల్లో బొగ్గు అలాగే ఉంది.

"ఏమైందే?"

"ఉమ్మనీరు పోతోందట."

"ఇందాకటి బ్లాస్టింగుకా? గనిల మాక్కూడ కప్పు అదిరింది."

నేను తల ఊపాను.

కాలనీ కథను కాలనీ పుట్టించలేదు. మొదటి ఇటుక నేనే పెట్టాను. ఎవరినీ అనే హక్కు నాకు లేకపోయినా అంటూనే ఉంటాను, అది వేరే సంగతి.

కరీంనగర్‌లో మూడు వారాలు

అక్కడి పెద్దాసుపత్రిలో చూసిన డాక్టరు వయసులో నాకంటే చాలా చిన్నది. లెక్క సూటిగా చెప్పింది. బిడ్డ ముప్పై నాలుగో వారం దాకా లోపల ఉంటే మంచిది. ఊపిరితిత్తులు పక్వానికి రావడానికి నాకు ఇంజెక్షన్లు ఇస్తారు, చీము పట్టకుండా మందులు ఇస్తారు. జ్వరం వచ్చిందంటే మాత్రం ఆగరు. ఒక్కో రోజు గడిస్తే ఒక్కో రోజు బిడ్డకు లాభం. అప్పటిదాకా నేను మంచం దిగకూడదు.

మా అత్తమ్మ మధ్యలో దూరింది. "చిల్లు పడితే కుట్లెయ్యరా బిడ్డా? సైకిల్ ట్యూబుకన్న ప్యాచ్ ఏస్తరు గదా!"

"అది కుట్టే గుడ్డ కాదమ్మా" అంది డాక్టరు. "కాగితమంత పల్చన. లోపలి పొరకైతే నెత్తుటి నాళం కూడా లేదు, నరం లేదు. చినిగినా నొప్పి తెలియదు."

డాక్టరు వెళ్ళాక అత్తమ్మ నా వైపు తిరిగింది. "నెత్తురు లేదంటది, నరం లేదంటది. మరి ఇన్ని నెలలు బిడ్డను ఎట్ల మోసిందే అది?"

పదిహేనేళ్ళలో ఏ విద్యార్థీ నన్ను ఈ ప్రశ్న అడగలేదు.

పడుకుంటే నాకు పైకప్పు తప్ప ఏమీ కనిపించేది కాదు. వార్డులో ఎవరు వచ్చారో, ఎవరి బిడ్డ పోయిందో గొంతులను బట్టి పోల్చుకోవలసిందే. నర్సు షహనాజ్ రెండో రోజే ఇంటినుంచి చిన్న అద్దం తెచ్చి, తలుపు కనబడేటట్టు కిటికీ చువ్వకు వాలుగా కట్టింది.

"కొట్లాడేటప్పుడు ఎదుటోళ్ళ మొహం కనవడాలె గదా మేడం" అంది.

నాతో అప్పటికే రెండుసార్లు కొట్లాడి ఉంది. షిఫ్టు మారేటప్పుడల్లా నా గుడ్డను వెలుతురులో పట్టి చూసి "పానీ సాఫ్ ఉంది, ఫికర్ చెయ్యకు" అనేది, నీరు తేటగా ఉంది, దిగులొద్దని. సెలవు రోజున కూడా వార్డుకు ఫోన్ చేసి "పదకొండో మంచం సాఫేనా?" అని అడిగేదట. నా రోజు ఆ ఒక్క మాట మీద నిలబడేది.

ఆ నీరు ఎంత పోయినా మళ్ళీ ఊరుతుంది. ఈ నెలల్లో దానిలో ఎక్కువ భాగం బిడ్డ పోసే మూత్రమే. అంటే నాలుగు రోజులు మూత్రమని నేననుకున్నది పూర్తిగా తప్పేమీ కాదు, నాది కాదు, అంతే. ఒంటరిగా పడుకుని ఈ సంగతి తట్టినప్పుడు చాలాసేపు నవ్వాను. పక్క మంచం ఆమె షహనాజ్‌ను పిలిచింది.

రాజేశం షిఫ్టుల మధ్య వచ్చేవాడు. బయటి హాల్లో కూర్చుంటే చాలు, వేలి కణుపుతో గోడను తట్టేవాడు. అది వాళ్ళ పని అలవాటు. గనిలో కొత్త చోటుకు అడుగుపెట్టేముందు కర్రతో కప్పును తట్టి వింటారు. రాతి పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే గణగణమంటుంది. లోపల పొర విడిపోతే డొల్లగా మోగుతుంది.

"కప్పు పడేముందు చెప్తది విజయా. ఇనేటోడు ఉండాలె, అంతే" అన్నాడు ఒకరోజు, వార్డు తలుపు పక్కన కూర్చుని. ఊరికే అన్నాడు. నాకు సూదిలా దిగింది.

"నాకూ చెప్పింది. సోమవారం నుంచి చెప్పింది. బ్లాస్టింగ్ గురువారం కదా" అన్నాను.

అద్దంలో అతని మొహం చూశాను. కోపం కాదు. లెక్క కుదరనప్పుడు పెట్టే మొహం.

"మరి నాకెందుకు చెప్పలే?"

"నీకు చెబితే మీ అమ్మకు తెలుస్తుంది. మీ అమ్మకు తెలిస్తే నస్పూర్ దాకా తెలుస్తుంది."

"గంత సిగ్గా?"

"ఆ, గంత సిగ్గే."

లేచి వెళ్ళిపోయాడు. రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజులు సౌమ్య వచ్చింది, ఎవరూ పంపకుండానే. స్టూలు మీద కూర్చుని నా జడ అల్లింది. బజారుకు రాని పిల్ల వార్డంతా చూస్తుండగా అల్లింది. నేనేమీ అనలేదు. అనకుండా ఉండడం నాకెంత కష్టమో తెలిసినవాళ్ళకు తెలుసు.

ఇది చదివేవాళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళుంటే ఒక మాట. తడి తగిలితే, అది ఏదైనా సరే, ఆ రోజే చూపించుకోండి. సిగ్గనిపిస్తే సిగ్గుతోనే వెళ్ళండి, సిగ్గును ఇంట్లో పెట్టి రావడానికి టైము పడుతుంది.

మూడో రోజు అత్తమ్మ వచ్చింది. కొడుకు చెప్పినట్టున్నాడు.

"బ్లాస్టింగు గాదట గదా! నీ సంచికే బలం లేదు. నలపై ఏండ్ల సంచి. తిననప్పుడు తినవు, అరిచినప్పుడు అరుస్తవు. ఎట్ల ఆగుతది?"

అప్పటికి మూడు వారాలు కావస్తోంది. నాకు వాదన కావాలి. దొరికింది.

"అత్తమ్మా, ఆ సంచి నాది కాదు" అన్నాను.

"మరి నాదా?"

"బిడ్డది. నేను కట్టింది కాదు. మొదట్లో ఉన్న ఒక్క చుక్కే రెండు పనులు పంచుకుంటుంది. కొంత బిడ్డవుతుంది, కొంత ఆ రెండు పొరలవుతుంది. తన ఇల్లు తనే కట్టుకుంటుంది. బయట అంటుకుని నా వైపు నుంచి ఒక పల్చటి అస్తరు ఉంటుంది. నా భాగం అంతే. కావాలంటే పుస్తకం తెప్పించి చూపిస్తాను."

వార్డంతా వింటోంది. పక్క మంచం ఆమె లేచి కూర్చుంది. అత్తమ్మ నా పొట్ట వైపు వేలు చూపింది.

"అయితే తప్పు గా పసిపిల్లదంటవు?"

 వాదనలో నేనే గెలిచాను. కిలోన్నర కూడా తూగని ప్రాణి మీద నేరం మోపి గెలిచాను. నా చేతులు పొట్టమీదికి వాటంతటవే వచ్చాయి. అత్తమ్మ చీర కొంగుతో నా మొహం తుడిచింది. చెమట పట్టిందనుకుందేమో.

ముప్పై రెండో వారం

జ్వరం రాలేదు. నీరు చివరిదాకా సాఫే. నొప్పులు మాత్రం ఒక పొద్దున ఎవరినీ అడగకుండా మొదలై, మధ్యాహ్నం భోజనాల వేళకు బిడ్డను బయట పెట్టాయి. ఏడుపు పిల్లికూన అరుపంత. ఒక్కసారి చూపించి అద్దాల పెట్టె వైపు పరుగెత్తారు. ఊపిరి తనే తీసుకుంటోందని షహనాజ్ వచ్చి చెప్పేదాకా నేను ఈ లోకంలో లేను.

ఆ తర్వాత, బిడ్డ వెంట పడిన మాయ దగ్గర గొడవైంది. లేబర్‌రూం తలుపు బయట మా అత్తమ్మ మూతగల స్టీలు డబ్బా పట్టుకుని నిలబడింది.

"మాయ ఇయ్యుండ్రి. నేను పట్కపోత."

"పరీక్షకు పంపాలమ్మా. ఎందుకిలా అయిందో తెలిస్తే మంచిది కదా" అంది డాక్టరు.

మామూలుగా అయితే నేను డాక్టరు పక్షమే. మాయను లోతుగా పాతిపెట్టకపోతే బిడ్డకు నిలకడ ఉండదనే మాట విని ఎన్నిసార్లు వెక్కిరించానో. కానీ అత్తమ్మ గొంతు ఆ రోజు వేరుగా ఉంది.

"నలుగురిని కన్న బిడ్డా. నలుగురి మాయలు మా ఊళ్ళె, ఇంటెనుక పాతిపెట్టిన. ఊరు ఓపెన్‌కాస్టుల పోయింది. ఇల్లు పోతే పోయిందనుకున్న. మట్టి తీసిండ్రు, మట్టి కింద బొగ్గు తీసిండ్రు. నా పిల్లల మాయలు ఏ మట్టి డంపు మీద పడ్డయో, ఏ లారీల పోయినయో. గీ ఒక్కటన్న నా చేతుల పెట్టు."

ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఈ మాట నేను ఎప్పుడూ వినలేదు. కొత్తగూడెం నుంచి బెల్లంపల్లి దాకా ఇలాంటి ఊళ్ళు ఎన్నో పోయాయి. పోయిన ఇళ్ళ గురించి మాట్లాడుకున్నాం గానీ, ఇంటి వెనక నేలలో ఏముందో ఎవరూ అడగలేదు.

డాక్టరు కాస్త ఆలోచించింది. "పరీక్షకు చిన్న ముక్కలు, పొరలో ఒక పట్టీ చాలు. మిగిలింది మీరు రాసిచ్చి తీసుకెళ్ళండి" అంది.

"ముందు నాకు చూపించండి" అన్నాను లోపలినుంచి.

"మేడం, మీరు ఇప్పుడే..."

"పదిహేనేళ్ళుగా చూడకుండా బొమ్మ వేస్తున్నాను. చూపించండి."

ట్రేను నా పక్కకు తెచ్చింది. మాయ అంచునుంచి సంచి వేలాడుతోంది, గాలి పోయిన బెలూనులా. డాక్టరు గ్లవుజు వేలితో అంచు దగ్గర పట్టి లాగితే అది రెండుగా విడిపోయింది. చింపినట్టు కాదు, ఉల్లిగడ్డ లోపలి పొర జారినట్టు. బయటిది పరాయువు, మసకగా, గరుకుగా ఉంది, పట్టుకుంటే పిగులుతోంది. లోపలిది ఉల్బం. ఇంత పల్చటిది, నున్నగా మెరుస్తోంది, దాని వెనక డాక్టరు వేళ్ళు స్పష్టంగా కనిపించాయి. పల్చటిదే గట్టిది. ఆమె లాగి చూపించింది, సాగింది గానీ తెగలేదు. రెండింటి మధ్య జిగురు లాంటిది ఉంది. అతికి ఉంటాయిగానీ ఒకటైపోవు, ఒకదాని మీద ఒకటి కొంచెం జరుగుతాయి. బోర్డు మీద నేను వేసే రెండు గీతలు ఎప్పుడూ కదలలేదు.

"నాలుగు రోజులు కారిన చిల్లు ఎక్కడ?" అన్నాను.

"చెప్పలేం. బిడ్డ వచ్చిన దారే పెద్ద చిరుగు. మొదటి చిల్లు అందులో కలిసిపోయి ఉంటుంది."

అత్తమ్మ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని సౌమ్యతో కలిసి గోదావరిఖని బస్సెక్కింది. పక్క సీటామె "డబ్బాల ఏం పట్కపోతున్నవవ్వా?" అని అడిగిందట.

"నా మనుమరాలి ఇల్లు" అందట మా అత్తమ్మ.

సౌమ్య ఈ సంగతి ఫోన్లో చెబుతూ నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. క్వార్టర్ వెనక గుంట తీస్తుంటే రాజేశం అడ్డుపడ్డాడట. "అమ్మా, ఇది కంపెనీ జాగ. నేను రిటైరైతే ఖాళీ చెయ్యాలె."

"కిందికి తవ్వుడు వాళ్ళకే అచ్చిందారా? పార ఇటియ్యి" అందట.

ఆ తర్వాత

బిడ్డ అద్దాల పెట్టెలో నెలకు పైనే ఉంది. ఆ నెల గురించి రాయలేను, ఇంకా చెయ్యి రాదు. ఇంటికి తెచ్చుకునే రోజున పరీక్ష కాగితం చేతికిచ్చారు. నేను గబగబా చదివాను, తర్వాత నెమ్మదిగా చదివాను. చీము పట్టిన ఆనవాళ్ళు లేవు. ఉల్బం, పరాయువు, వాటిని అంటుకున్న నా అస్తరు, అన్నీ ఉండవలసిన వరుసలో ఉన్నాయి. పొరల నిర్మాణం సాధారణం.

పాఠంలో నేను వేసే బొమ్మే. అక్షరం తేడా లేదు.

రాజేశం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, డాక్టరును అడిగాడు. "మేడం, మా దగ్గర కప్పు పడ్డంక కూడ పొర పొర చూస్తం. ఏది ముందు జారిందో తెలిస్తనే, రేపు ఇంకో కాడ సపోర్టు ఏడ పెట్టాలెనో తెలుస్తది. దీంట్ల ఏ పొర ముందు పోయింది?"

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలింది. "మంచి ప్రశ్న అడిగారు. నాకు తెలియదండి" అంది.

నేను చాలామందితో కొట్లాడాను గానీ, ఆమెతో కొట్లాడాలని ఒక్కసారీ అనిపించలేదు. తెలియదనే మాటను అంత శుభ్రంగా అన్నవాళ్ళు తక్కువ. సోమవారమే వచ్చి ఉంటే ఏమన్నా మారేదా అని అడిగాను. మందులు ముందు మొదలయ్యేవి, భయం తగ్గేది, చిల్లు మాత్రం చిల్లే అంది. అది ఓదార్పు కోసం అన్న మాటో, నిజమో నేనింకా తేల్చుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు బండిలో రాజేశం నా పక్కన కూర్చున్నాడు. బిడ్డ నా ఒళ్ళో ఉంది. సుల్తానాబాద్ దాటాక దాని వీపు మీద వేలి కణుపుతో మెల్లగా తట్టాడు.

"ఏం వినబడింది?" అన్నాను.

"గట్టిగనే ఉన్నది."

ఇప్పుడది ఇల్లంతా నడుస్తోంది. రెండున్నరకు సైరన్ మోగితే చప్పట్లు కొడుతుంది. అత్తమ్మ ఇంటి వెనక గుంట మీద బండరాయి పెట్టింది, దాని మీద ఎవరినీ కూర్చోనివ్వదు. కాలనీలో కథ మాత్రం మారలేదు. నేను ఎక్కడికక్కడ ఆపి, టప్పున పగలలేదు, కారింది, నేనే ఆలస్యం చేశాను అని చెబుతాను. వాళ్ళు పాపం అన్నట్టు చూసి, నేను వెళ్ళాక మళ్ళీ చిటిక వేస్తారు.

ఈ ఏడూ ఆ పాఠం వచ్చింది. రెండు గీతలూ వేశాను. తడి సంగతి, నాలుగు రోజుల సంగతి నోట్సులో లేకపోయినా చెప్పాను. అబ్బాయిలు తలలు దించుకున్నారు, దించుకోనీ, విన్నారు. తర్వాత లోపలి గీత దగ్గర చాక్‌పీసు ఆగింది. అక్కడినుంచి బయటి గీత దాకా వేలెడు దూరం కూడా లేదు. పొరలన్నీ ఉండవలసినట్టే ఉన్నాయని కాగితం చెబుతోంది. నరం లేని పొర నాకు నొప్పితో చెప్పలేకపోయింది, అది నాకర్థమైంది. కానీ ఏ లోపమూ లేని ఆ రెంటిలో, ఆ సోమవారం పొద్దున ముందు తెగింది ఏది, దాన్ని తెంపింది ఏమిటి?